మంగళవారం పూల్ లీగ్: ఆరో నంబరు తెచ్చిన గొడవ

పూల్, అంటే క్యూ కర్రతో బంతుల్ని టేబుల్ పాకెట్లలో వేసే ఆట, దాని లీగ్‌లో చేరమంటారా అని ఎవరైనా అడిగితే ముందు ఈ సంగతి చెప్తాను. ఇక్కడ ఆట బాగుపడేకొద్దీ మీరు మీ జట్టుకి బరువవుతారు. మాటవరసకి అనడం లేదు, కాగితం మీద లెక్క ప్రకారమే బరువు. కొన్నేళ్ళుగా మంగళవారం సాయంత్రాలు దీనికే రాసిచ్చేశాను కాబట్టి మెచ్చుకోవాల్సినవీ చాలా ఉన్నాయి, అవీ రాస్తాను. కానీ ఈ ఒక్క విషయంలో కోపం ఇంకా చల్లారలేదు.

నేనుండేది డాలస్‌కి ఉత్తరాన. మా వైపు తెలుగువాళ్ళకి లీగ్ అంటే శనివారం పొద్దున టెన్నిస్ బాల్ క్రికెట్టే. నాకు క్యూ పట్టుకునే అలవాటు హైదరాబాద్ స్నూకర్ పార్లర్ల పుణ్యం. అక్కడి రూలు తెలిసిందే కదా, ఓడినవాడే టేబుల్ డబ్బులు కట్టాలి. ఆ రూలు నేర్పినంత బాగా ఏ కోచ్ కూడా ఆట నేర్పలేడు. కాకపోతే వరసగా నాలుగు రోజులు జేబు ఖాళీ చేసుకున్న కుర్రాడు ఐదో రోజు ఆ మెట్లెక్కడు. అమెరికా లీగులు కనిపెట్టింది ఆ ఐదో రోజుకి మందు.

ఆ మందు హ్యాండిక్యాప్, అంటే బాగా ఆడేవాడు ఎక్కువ గేమ్‌లు గెలవాలని పెట్టే లెక్క. ఇక్కడి లీగుల్లో అన్నిటికన్నా పెద్దది ఏపీఏ (అమెరికన్ పూల్‌ప్లేయర్స్ అసోసియేషన్). 1979లో టెర్రీ బెల్, లారీ హబ్బర్ట్ అనే ఇద్దరు ప్రొఫెషనల్ ఆటగాళ్ళు మొదలుపెట్టారు, ఇవాళ రెండున్నర లక్షల పైచిలుకు సభ్యులున్నారు. వాళ్ళ 8-బాల్‌లో (తన వాటా బంతులన్నీ వేశాక నల్లటి 8వ బంతి వేసి గెలిచే ఆట) ఒక్కొక్కరికి 2 నుంచి 7 దాకా ఒక నంబరు ఉంటుంది, ఆట బాగున్నకొద్దీ నంబరు పెద్దది. 7 నంబరువాడు 2 నంబరువాడితో ఆడితే ఏడు గేమ్‌లు గెలవాలి, ఆ రెండోవాడికి రెండు చాలు. ఒక మ్యాచ్‌కి జట్టు తరఫున దిగే ఐదుగురి నంబర్లు కలిపితే 23 దాటకూడదు. నేనాడేది ఆ లీగ్ కాదు. మా దగ్గర ఒకాయన సొంతంగా నడుపుకునే చిన్న లీగ్, పేరు అనవసరం. లెక్కలు మాత్రం అదే బాపతు, ఆ 23తో సహా.

మొదట్లో నాకు ఈ పద్ధతి తెగ నచ్చింది. మా జట్టులో ఒక నర్సు ఉండేది. డ్యూటీ దిగి స్క్రబ్స్ మీదే వచ్చేసేది. చేరిన కొత్తలో క్యూ ఆనించుకునే బ్రిడ్జ్ కోసం చెయ్యి టేబుల్ మీద ఎలా పెట్టాలో కూడా తెలియదు. గోడకి తగిలించి ఉన్న బార్ క్యూల్లో ఏది వంకర లేదో చూసుకుని తీసుకునేది. అలాంటావిడ కార్బన్ ఫైబర్ షాఫ్ట్ క్యూ, రెండు చేతులకి గ్లవ్స్, తోలు కేసు తెచ్చుకున్న ఒక పెద్దమనిషి మీద గెలిచింది. ఆయన ఐదు గేమ్‌లు గెలవాలి, ఈవిడ రెండు. ఆయన నాలుగు కొట్టాక నల్ల బంతితోపాటు తెల్ల బంతినీ పాకెట్లో పడేసుకున్నాడు, దాంతో రెండో గేమ్ ఈవిడకి వచ్చింది. బార్‌లో ఆటతో సంబంధం లేనివాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. పైవారం ఆవిడా వచ్చింది, ఆయనా వచ్చాడు. మన పార్లర్‌లో అయితే ఆవిడ మొదటి వారమే మానేసేది. అసలు ఆవిడ మా పార్లర్‌లోకి అడుగు పెట్టగలిగేదా అన్నది ఇంకో ప్రశ్న. మా రోజుల్లో ఆ పార్లర్లలో ఆడపిల్ల కనిపించిన గుర్తు లేదు.

ఇంకొకటి టైమౌట్. గేమ్ మధ్యలో ఒక నిమిషం ఆపి మన కెప్టెన్ వచ్చి సలహా ఇవ్వొచ్చు. ఇక్కడ కొట్టు, ఇంత బలంతో కొట్టు, కొట్టాక తెల్ల బంతి ఇక్కడ ఆగాలి అని వేలు పెట్టి చూపిస్తాడు. ఒక పెద్దాయన డబ్బులు తీసుకోకుండా, అసలైన పోటీ మధ్యలో, నా ముందున్న బంతుల మీదే పాఠం చెప్పడం నాకు అంతకుముందు ఎరగని సుఖం. సేఫ్టీ ఆడటం నేను నేర్చుకున్నది అలాగే. బంతి వెయ్యలేనప్పుడు ఊరికే బాదకుండా, తెల్ల బంతిని తీసుకెళ్ళి ఎదుటివాడి బంతుల వెనక దాచడం అన్నమాట.

ఫీజు వారానికి పది డాలర్ల దాకా. ఏడింటికి మొదలైతే పదకొండు దాటుతుంది, అందులో మనం ఆడేది అరగంటో ముప్పావుగంటో. మిగతాదంతా కూర్చోవడమే. ఇది అందరూ చెప్పే ఫిర్యాదే.

ఇక అసలు గొడవ.

మా లీగ్‌లో నంబరు వేసేది గెలుపోటములు ఒక్కటే చూసి కాదు. ఒక గేమ్ గెలవడానికి ఎన్ని ఇన్నింగ్స్ పట్టాయో, అంటే ఎన్నిసార్లు వంతులు మారాయో స్కోర్ షీట్‌లో గీతలు గీస్తారు. తక్కువ ఇన్నింగ్స్‌లో ముగించేవాడికి నంబరు పెరుగుతుంది. కావాలని ఆడిన సేఫ్టీలు విడిగా రాసుకుని తీసేస్తారు. కావాలని తప్పించిన షాట్లు కూడా అలాగే రాయాలి, కాకపోతే అవి కావాలని తప్పించినవని పక్క జట్టు కనిపెట్టాలి. అది కనిపెట్టడం ఎంత కష్టమో ఆడేవాళ్ళకి తెలుసు. పాకెట్ అంచుకి ఒక దారపుపోగంత పక్కకి కొట్టి, అయ్యో అని తల పట్టుకుంటే చాలు. శాండ్‌బ్యాగింగ్ అంటారు దీన్ని. లీగ్‌లో అందరూ తిట్టే పదం, ప్రతి జట్టూ పక్క జట్టు గురించి మాత్రమే వాడే పదం.

ఒక సెషన్ (మా లీగ్ సీజన్‌ని అలా అంటారు) ఆఖరి మంగళవారం. అప్పటికి మా ఐదుగురి నంబర్లు 6, 5, 5, 4, 3. మొత్తం సరిగ్గా 23. నేను ఆ ఇద్దరు ఐదుల్లో ఒకణ్ణి. ఆ సెషన్‌లో నా ఆట కుదిరింది, ఇవాళో రేపో ఆరులోకి వెళ్తానని జట్టులో అందరికీ తెలుసు. ఆ రాత్రి నాకు ఎదురైనవాడు నాలుగు. నేను నాలుగు గేమ్‌లు గెలవాలి, అతను మూడు. మూడు–ఒకటితో ముందున్నాను. నావి చారల బంతులు, వాటిలో 11, 14 నంబర్లవే మిగిలాయి. 11 సైడ్ పాకెట్ దగ్గర, 14 దూరపు మూల వైపు రైలు (టేబుల్ అంచు గట్టు) పక్కన, నల్ల బంతి దాదాపు టేబుల్ నడుమ. కొంచెం జాగ్రత్తగా ఆడితే మూడూ వరసగా పడతాయి. నేను చాక్ రాసుకుంటుంటే కెప్టెన్ టైమౌట్ అన్నాడు. నేను అడగలేదు.

వచ్చి నా పక్కన వంగి, ఎదుటి జట్టుకి కనిపించేలా 14 వైపు వేలు చూపించాడు. నోటితో చెప్పింది మాత్రం వేరు. "ఇప్పుడే ముగించకు. 14 తప్పించు. వాళ్ళని ఇంకో రెండుసార్లు కొట్టనీ, తర్వాత నువ్వే గెలుద్దువుగాని. నువ్వు ఆరు అయితే వచ్చే సెషన్ ప్రతి వారం మనలో ఒకరు బెంచీ మీద కూర్చోవాలి. ఎవర్ని కూర్చోబెట్టమంటావో నువ్వే చెప్పు."

ఆయన చెడ్డవాడు కాదు, ఇది గట్టిగా చెప్పాలి. రానివాళ్ళ ఫీజు తన జేబులోంచి కట్టి జట్టుని నడిపిన మనిషి. సేఫ్టీ నేర్పింది ఆయనే. లెక్క ఆయన చేత ఆ మాట అనిపించింది, అంతే.

11 కొట్టి తెల్ల బంతిని ఉన్నచోటే ఆపాను. ఆ టేబుల్ జ్యూక్‌బాక్స్ వైపు కాస్త వాలు. 14 రైలు వెంబడి మెల్లగా దొర్లి, పాకెట్ నోట్లో ఒక క్షణం ఆగి, పడింది. నల్ల బంతి ఎదురుగా ఉంది, పాకెట్ చెప్పి కొట్టేశాను. గెలిచాక మా బెంచీ నుంచి వినిపించింది ఒక్క చప్పట్ల చప్పుడే. అది నర్సుది, ఆవిడకి టైమౌట్ సంగతి తెలియదు. కెప్టెన్ షీట్ మీద సంతకం పెట్టి పెన్ను క్యాప్ బిగించాడు. నాతో ఏమీ అనలేదు. అసలు ఏదైనా అనుంటే బాగుండేది.

కొత్త సెషన్ షీట్‌లో నా పేరు పక్కన 6 వచ్చింది. మొత్తం 24. మాకు అప్పుడప్పుడు వచ్చే ఆరో మనిషి ఒకాయన ఉన్నాడు, నంబరు 4. ఆయన్ని దింపితే 23కి సరిపోతుంది, కానీ అలా చేస్తే రెండో ఐదు కూర్చోవాలి. ఆ రెండో ఐదు పోస్టాఫీసులో రిటైరైన పెద్దాయన. మా అందరికన్నా ముందొచ్చి టేబుల్ గుడ్డ బ్రష్‌తో తుడిచేది ఆయనే. నాలుగైదు వారాలు బెంచీ మీద కూర్చుని, మోకాళ్ళ నొప్పులని చెప్పి మానేశాడు. తర్వాత ఇంకో బార్‌లో నిక్షేపంగా ఆడుతూ కనిపించాడు. ఈలోగా నర్సు నంబరు 3 నుంచి 4కి పెరిగింది. ఏ ఎదుగుదల చూసి మేమంతా కేకు కోయాలో, అదే చూసి టేబుల్ చుట్టూ నిశ్శబ్దంగా కూడికలు వేసుకున్నాం. ఆ సెషన్ అయ్యాక జట్టు రెండు ముక్కలైంది.

లీగ్ నడిపేవాళ్ళకి ఇది లోపంగా కనిపించదు. ఒక జట్టు విరిగితే రెండు జట్లవుతాయి, రెండింటికీ కొత్తవాళ్ళు కావాలి, ఫీజులు రెట్టింపవుతాయి. లీగులు పెరిగేది చాలావరకు ఈ దారిలోనే అని నా అనుమానం. ఒప్పుకోవాల్సింది ఇంకోటుంది. ఆ నర్సు మా జట్టులోకి వచ్చిందే అలా ఒక పాత జట్టు విరిగి మాకు తక్కువ నంబరు మనిషి అవసరమైనప్పుడు. కాబట్టి ఆ 23 లేకపోతే నేను పైన మురిసిపోయి రాసిన గెలుపు కూడా లేదు.

కానీ నంబరు వేసే పద్ధతైనా మార్చొచ్చు కదా. ఫార్గోరేట్ అని ఒకటుంది. ఫార్గోలోని నార్త్ డకోటా స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసర్ మైక్ పేజ్ తయారుచేశాడు. అది ఇన్నింగ్స్ లెక్కపెట్టదు. ఎవరు ఎవరి మీద ఎన్ని గేమ్‌లు గెలిచారో అంతే చూస్తుంది. ఇద్దరి మధ్య 100 పాయింట్ల తేడా ఉంటే పైవాడు రెండు గెలిచే లోపు కిందివాడు ఒకటి గెలుస్తాడని లెక్క. ప్రపంచ స్థాయి ఆటగాళ్ళు 800 పైన ఉంటారు. ఇన్నింగ్స్ పద్ధతిలో గెలుస్తూనే నంబరు దాచుకోవచ్చు, మా కెప్టెన్ నాకు చెప్పింది అదే. ఫార్గోలో దాచుకోవాలంటే ఓడాలి. ఓడటానికి జనం అంత తేలిగ్గా ఒప్పుకోరు. అలాగని అదీ జట్టు లీగుల్లో మొత్తానికి పరిమితి పెడితే మళ్ళీ ఇదే బెంచీ దగ్గరికి వస్తాం.

టైమౌట్ గురించి పైన రాసింది కూడా కొంచెం సవరించాలి. ఆ రాత్రి సంగతి పక్కన పెట్టినా, కొన్నేళ్ళు టైమౌట్ల మీద ఆడాక నేను ఒంటరిగా ఒక టోర్నమెంట్‌కి వెళ్తే, క్లిష్టమైన చోట చెయ్యి దానంతటదే కెప్టెన్ కోసం లేవబోయింది. పైగా అక్కడివి తొమ్మిదడుగుల టేబుళ్ళు. మా లీగంతా బార్‌లోని ఏడడుగుల కాయిన్ టేబుళ్ళ మీద. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లు ఆడేది తొమ్మిదడుగుల వాటి మీదే. ఏడడుగుల మీద రన్ అవుట్ చేసి, అంటే వంతు పోకుండా బంతులన్నీ వేసేసి మురిసిపోయినవాడికి అక్కడ అవతలి పాకెట్ పక్క ఊళ్ళో ఉన్నట్టుంటుంది.

లీగులు పూల్‌ని బతికిస్తున్నాయా చంపుతున్నాయా అని బార్‌లో తరచూ వాదన నడుస్తుంది. బతికిస్తున్నాయనేవాళ్ళ దగ్గర గట్టి సాక్ష్యముంది. మేమాడే చోట ఓనరు స్వయంగా చెప్పాడు, మంగళ, బుధవారాల లీగ్ లేకపోతే ఆ టేబుళ్ళు తీసేసి కుర్చీలు వేసుకుంటానని. అదే హాలు వెనక గదిలో రెండు తొమ్మిదడుగుల టేబుళ్ళున్నాయి, లీగ్ రాత్రుల్లో వాటి మీద జాకెట్లు పడేస్తారు. రెండూ నిజమే. లీగ్‌లో ఏళ్ళ తరబడి ఆడేవాళ్ళని షేన్ వాన్ బోనింగ్ ఎవరని అడిగి చూశాను. అమెరికా మనిషి, పూల్‌లో యూఎస్ ఓపెన్ ఐదుసార్లు గెలిచాడు, 2022లో ప్రపంచ 9-బాల్ (పూల్‌లోనే ఇంకో రకం ఆట) ఛాంపియన్. తెలుసన్నవాళ్ళు తక్కువ. క్రికెట్ ఆడే మనవాడెవడైనా కోహ్లీ ఎవరంటాడా? లక్షలమంది ఆడుతున్నా వాళ్ళు ప్రేక్షకులుగా మారకపోవడం నాకు లీగుల మీద ఉన్న రెండో ఫిర్యాదు. అటు ఫిలిప్పీన్స్‌లో ఎఫ్రెన్ రేయెస్ మనీలాలో మామయ్య పూల్ హాల్లో పనిచేస్తూ, పందేలాడుతూ పెరిగి 1994లో యూఎస్ ఓపెన్, 1999లో ప్రపంచ 9-బాల్ గెలిచాడు. హ్యాండిక్యాప్ లీగ్ అలాంటివాణ్ణి తయారుచేస్తుందని నేననుకోను. కానీ ఆ పందేల హాళ్ళలో మా నర్సుకి చోటుండేది కాదని కూడా అనుకుంటాను.

నా తీర్పు అడిగితే, నా పరిస్థితిని బట్టే చెప్పగలను. ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, వారానికి ఒక్క సాయంత్రం. ప్రపంచంతో తలపడే ఉద్దేశం లేదు. అలాంటి నాకు లీగ్ ఇప్పటికీ దండగ కాదు, విడిపోయిన రెండు జట్లలో ఒకదాంట్లో ఆరో నంబరుగానే ఉన్నాను. వీలైన గురువారాలు తొమ్మిదడుగుల టేబుళ్ళున్న హాల్‌కి కూడా వెళ్తున్నాను, అక్కడ ఫార్గో లెక్కతో చిన్న టోర్నమెంట్ పెడతారు. టెక్సాస్‌లోనే ఎం.ఎస్. చేస్తున్న మా అక్క కొడుకు చేతిలో మంచి ఆట ఉంది. "మామయ్యా, లీగ్‌లో చేరనా?" అని అడిగితే, ఒక ఏడాది ఆడి, మనుషుల్ని పరిచయం చేసుకుని, నంబరు పెరగడం మొదలవగానే గురువారం వైపు వచ్చెయ్యమన్నాను. వాడు ఒంటరి, రాత్రి పన్నెండింటికి ఇంటికెళ్ళినా అడిగేవాళ్ళు లేరు, కాబట్టి వాడికి కుదురుతుంది.

చేరాలనుకునేవాళ్ళు డబ్బులు కట్టేముందు ఒక లీగ్ రాత్రి ఊరికే వెళ్ళి, స్కోర్ షీట్ రాసేవాళ్ళ పక్కన ఒక గంట కూర్చోండి. సేఫ్టీలు, అనుమానంగా తప్పిన షాట్లు రెండు జట్లవాళ్ళూ నోరు తెరిచి అడిగి రాసుకుంటున్నారా, లేక ఫోన్ చూసుకుంటూ ఇన్నింగ్స్ గీతలు మాత్రం గీస్తున్నారా అన్నది చూడండి. రెండోదైతే ఆ ఊళ్ళో ఇంకో లీగ్ ఉందేమో వాకబు చెయ్యండి.