చిరిగిన స్పీకరు, చెడిన కన్సోల్

పాడైన పరికరాల వల్ల గిటార్‌కు గరగర ధ్వని (‘ఫజ్’) వచ్చిన రెండు రికార్డులను పోల్చి చూద్దాం. 1951లో అమెరికాలోని మెంఫిస్‌లో ఉన్న సామ్ ఫిలిప్స్ స్టూడియోకు చేరేసరికి విల్లీ కిజార్ట్ గిటార్ ఆంప్లిఫయర్ దెబ్బతిని ఉంది. దాని స్పీకరులో కాగితం కుక్కి ‘రాకెట్ 88’ పాట రికార్డు చేశారు. సాక్సఫోన్‌తో పాటు గిటార్ బొంగురు గొంతుతో, గరగరలాడుతూ పరుగెడుతుంది. చెవి ఒగ్గి వింటే ఆ కాగితం అదురు తెలుస్తున్నట్టే ఉంటుంది.

మరో అమెరికా నగరం నాష్‌విల్ ధ్వని వేరు. గాయకుడు మార్టీ రాబిన్స్ ‘డోంట్ వర్రీ’ (1961)లో గ్రేడీ మార్టిన్ బేస్ గిటార్, మిక్సింగ్ కన్సోల్ (ధ్వనులను కలిపే పరికరం)లోని లోపం వల్ల తుమ్మెద రొదలా మారింది. మెత్తని పాట నడుమ ఆ సోలో ఉలిక్కిపడేలా చేస్తుంది. ఇంజనీరు గ్లెన్ స్నాడీ ఆ లోపాన్నే సర్క్యూటుగా మలిచారు. 1962లో, కాలితో నొక్కితే గిటార్‌కు ఆ గరగర తెచ్చే మాయెస్ట్రో ఫజ్-టోన్ పెడల్ వచ్చింది. తర్వాతి పాప్ పాటలకు దారి వేసింది ఇదే. అయినా నా మనసు మెంఫిస్ వైపే మొగ్గుతుంది: అక్కడ గిటార్ విడిగా నిలబడదు, బృందమంతటితో కలిసి ఊగుతుంది.