డేనిష్ టేకు డైనింగ్ టేబుల్: పదేళ్లకు పైగా వాడాక

న్యూజెర్సీలో ఒక ఎస్టేట్ సేల్‌లో (ఇంటి సామానంతా అమ్మేసే చోట) కొన్న ఈ 1960ల నాటి బల్ల మీదే మా ఇంటి భోజనాలన్నీ. అడుగున ‘మేడ్ ఇన్ డెన్మార్క్’ అన్న ముద్ర ఉంది, చేసినవాళ్ల పేరు లేదు. హాన్స్ వెగ్నర్, నీల్స్ మోలర్ లాంటి పేరున్న డేనిష్ ఫర్నిచర్ డిజైనర్ల పేరుంటే ధర ఎక్కడికో వెళ్లిపోతుంది. పేరు లేని బల్ల అందులో చిన్న వంతుకే వస్తుంది. పనితనంలో నాకైతే లోటేమీ కనిపించలేదు.

మొత్తం టేకేనా అని అందరూ అడుగుతారు. కాదు. కాళ్లు, పైపలక అంచులు గట్టి టేకు. పైన పరుచుకున్నది బోర్డు మీద అతికించిన టేకు వెనీర్, అంటే పలచటి చెక్క పొర. ఆ కాలపు డేనిష్ బల్లలు చాలావరకు ఇంతే. ఆదిలాబాద్ టేకు తలుపులు చూస్తూ పెరిగినవాళ్లకి ఇది మోసం అనిపించొచ్చు, కానీ ఇక్కడి వాతావరణానికి ఇదే మేలు. చలికాలమంతా హీటర్ నడిచి ఇంట్లో గాలి ఎండిపోతుంది, వేసవిలో చెమ్మ. వెడల్పాటి గట్టి పలకైతే అలా ముడుచుకుంటూ ఉబ్బుతూ వంపు తిరిగే ప్రమాదం ఉంది. మా బల్ల మీద ఇవాళ స్కేలు ఆనించినా సందు కనపడదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది దాన్ని పొడిగించే పద్ధతి. అదనపు పలకలు రెండూ పైపలక కిందే ఉంటాయి, అటకెక్కించే పని లేదు. అంచు పట్టుకుని లాగితే పలక కింద ఉన్న ఏటవాలు బద్దెలు దాన్ని మెల్లగా పైకి తోస్తాయి. పైపలక కూడా కాస్త లేస్తుంది. పలక పూర్తిగా బయటికి రాగానే పైది ‘టప్’మని దిగి, రెండూ ఒకే మట్టంలో కూర్చుంటాయి. మూసేటప్పుడు పైపలకను కొంచెం ఎత్తి పట్టి, కిందిదాన్ని లోపలికి తోయాలి. ఎక్కడా ఇనుప పట్టాలు లేవు, అంతా చెక్క పనే. సంక్రాంతికి చుట్టాలొస్తే ఎనిమిది మంది సుఖంగా కూర్చుంటారు. మధ్యలో రాపిడికి అడ్డంగా అతికించిన ఫెల్ట్ గుడ్డ అరిగితే మార్చుకోవాలి, లేకపోతే పలక మీద గీతలు పడతాయి. దాగి ఉండే పలకలకు ఎండ తగలదు కాబట్టి రంగులో తేడా వచ్చింది. నాకది ఇబ్బంది కాదు. బరువైన గిన్నెలు మాత్రం నడిమి భాగంలోనే పెట్టాలి, చివరి పలక మీద పిల్లలు ఊగకూడదు.

మన వంటలకి తట్టుకుంటుందా? తట్టుకుంటుంది, కాస్త కనిపెట్టుకుని ఉంటే. దీనికి పూసింది నూనె పాలిష్, లక్క కాదు. పసుపు మరక పడితే తుడిచి వదిలేస్తాను, కిటికీ ఎండకి కొన్నాళ్లలో వెలిసిపోతుంది. ఆవకాయ నూనె వెంటనే తుడవాలి, ఆలస్యమైతే ఆ చోటు ముదురు రంగుకి తిరుగుతుంది. అసలు భయపడాల్సింది అడుగు తడిగా ఉన్న ఇనుప మూకుడికి. చెక్కలో సహజంగా ఉండే టానిన్ అనే పదార్థంతో ఇనుము కలిస్తే నల్లటి గుండ్రం పడుతుంది, అది సబ్బుకి పోదు. కుక్కర్ కింద మందపాటి చాప లేకుండా మా ఇంట్లో ఎవరూ పెట్టరు.

ఏడాదికోసారి టేకు ఆయిల్ పలచగా రాసి, పొడి గుడ్డతో ఒత్తి తుడిస్తే చాలు. ఆ గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో వేయొద్దు. ఇలాంటి నూనెలు ఆరేటప్పుడు వేడి పుడుతుంది, కుప్పగా ఉంటే వాటంతటవే నిప్పంటుకోవచ్చు. విడివిడిగా పరిచి ఆరుబయట ఆరబెట్టాలి.

ఇప్పుడు కొత్తగా ఇలాంటి చెక్క దొరకడం కష్టం. బర్మా అడవి టేకు దుంగల ఎగుమతిని మయన్మార్ 2014లో నిలిపేసింది. అందుకే పాతది కొనమంటాను. కొనేముందు రెండు పలకలూ పూర్తిగా లాగి చూడండి, అంచుల దగ్గర వెనీర్ లేచిందేమో గోటితో తడిమి చూడండి. ‘రీఫినిష్ చేశాం’ (పైన అరగదీసి మళ్లీ పాలిష్ పెట్టాం) అంటే వెలుతురులో మూలలు పరీక్షించండి. వెనీర్ పొర మందం సాధారణంగా మిల్లీమీటరు లోపే. సాండ్‌పేపర్‌తో అరగదీసి కింది బోర్డు బయటపెట్టేసి ఉంటే, ఎంత తక్కువకిచ్చినా తీసుకోవద్దు.