పెద్దల మాటల కోసం కొన్న చేతి రికార్డర్: నాలుగేళ్ల వాడకం తర్వాత

బెజవాడ వన్‌టౌన్‌లోనూ, మంగళగిరి, గుంటూరు వైపునా పెద్దవారి జీవిత విశేషాలను వారి గొంతులోనే భద్రపరచాలని నాలుగేళ్ల క్రితం ఈ రికార్డర్ కొన్నాను. అంతకుముందు ఫోన్‌తో నెట్టుకొచ్చేవాణ్ని. మాట మంచి పట్టులో ఉండగా ఏదో కాల్ వచ్చి రికార్డింగు ఆగిపోయేది.

48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల వేవ్ ఫైలుగా (శబ్దాన్ని కుదించకుండా దాచే ఫైలు) స్టీరియోలో పెడితే గంటకు సుమారు 1 జీబీ పడుతుంది కనుక 32 జీబీ కార్డు నెల రోజుల తిరుగుడుకు సరిపోతోంది. చిక్కల్లా రికార్డర్‌లోనే అమర్చిన మైకులతోనే: మనిషి మాటనూ సీలింగ్ ఫ్యాను హోరునూ అవి సమానంగా పట్టుకుంటాయి. మే నెలలో, అదీ బెజవాడలో, ఎనభై ఏళ్ల మనిషిని ఫ్యాను ఆపమని ఏ నోటితో అడుగుతాం? లో కట్ (అడుగు స్థాయి శబ్దాలను తగ్గించే అమరిక) వేస్తే హోరు కొంత తగ్గింది గానీ, కాలర్ మైకు విడిగా కొన్నాకే మాట తేటపడింది.

మంగళగిరిలో గుంట మగ్గం నేస్తున్న ఒక పెద్దాయనను, చప్పుడు ఎక్కువగా ఉందని, కాసేపు మగ్గం ఆపమన్నాను. మగ్గంతోపాటు మాటా ఆగింది. "ఏముందండీ చెప్పడానికి" అని చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. మళ్లీ నాడె (పేక దారాన్ని అటూ ఇటూ తీసుకెళ్లే పనిముట్టు) ఆడడం మొదలయ్యాకే నూలు ధరలు, కూలి లెక్కలు, అంచు నేయడం నేర్పిన మేనమామ చేతి దెబ్బలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. అప్పటినుంచి పనిలో ఉండగా ఒకసారి, తీరిక వేళ ఒకసారి రికార్డు చేస్తున్నాను.

ఈ యంత్రం ఫైలుకు తేదీ వేస్తుంది తప్ప చెప్పిన సంగతికి వేయలేదు కదా. పెద్దలు ఏడాది అంకెలు చెప్పరు. "దివిసీమ ఉప్పెననాటికి మావాడు చంకబిడ్డ" అంటారు. అందుకే ఉప్పెన 1977 నవంబరు అనీ, ప్రకాశం బ్యారేజీ పూర్తయింది 1957 అనీ, కృష్ణా పుష్కరాలు 1980, 1992, 2004, 2016 అనీ నోటుపుస్తకం అట్ట లోపల రాసిపెట్టుకుని, ఇంటికి రాగానే ఆ గుర్తులను బట్టి కాలం కట్టుకుంటున్నాను.

మాట్లాడినవారి ఇంట్లో ప్రతి అడిగితే 128 కేబీపీఎస్ ఎంపీ3గా మార్చి ఇస్తాను. గంట సంభాషణ 60 ఎంబీ లోపే ఉంటుంది. మూలప్రతి మాత్రం రెండు హార్డ్‌డిస్కుల్లో దాస్తాను. బ్యాటరీ మూత గొళ్లెం రెండో ఏడే విరిగింది. రబ్బరు బ్యాండు చుట్టి వాడుతున్నాను.