షిమానో అలీవియో 9 స్పీడ్ డిరైలర్: శ్రీశైలం ఘాట్ ఎక్కినంక నా రివ్యూ

మాది మహబూబ్‌నగర్, టూరింగ్ సైకిల్‌కు షిమానో సోరా 9 స్పీడ్ (ఎనుక తొమ్మిది గేర్లు) షిఫ్టర్లు, అంటే గేర్ మార్చే లివర్లు ఉన్నయి, ముందట 50-39-30 క్రాంక్, అంటే పెడల్ కాడ గన్నిగన్ని పళ్లున్న మూడు చక్రాలు. సామాను వేసుకొని ఘాట్ ఎక్కాలంటే ఎనుక 11-34 క్యాసెట్ (11 నుంచి 34 పళ్ల దాక ఉన్న గేర్ చక్రాల గుత్తి) కావాలనిపించింది. ఫస్ట్ ఒక షాపాయన "అన్నా, అన్నీ ఒకటే, పడ్తది" అని 10 స్పీడ్ ఎంటీబీ (మౌంటెన్ బైక్) డిరైలర్, అంటే చైన్‌ను ఒక గేర్ చక్రం మీదికెళ్లి ఇంకోదాని మీదికి జరిపేది, బిగించిండు, ఎంత ట్యూన్ చేసినా ఒక గేర్ పడితే ఇంకోటి పడదు, నడుమల చైన్ టకటక టకటక. మస్తు బాధైంది, పైసలు వోయినయ్ రెండు ఆదివారాలు వోయినయ్.

అసలు సంగతేందంటే షిమానో 9 స్పీడ్‌ల రోడ్డుదైనా ఎంటీబీదైనా కేబుల్ ఒక మిల్లీమీటర్ గుంజితే డిరైలర్ సుమారు 1.7 మిల్లీమీటర్లు జరుగుతది, 10 స్పీడ్ ఎంటీబీది 1.2 మాత్రమే. అందుకే స్పీడ్ లెక్క చూడకుండ కొనొద్దు.

తర్వాత అలీవియో 9 స్పీడ్ లాంగ్ కేజ్ డిరైలర్ (చైన్ లూజు గుంజే చెయ్యి పొడుగున్నది) తెచ్చిన. ముందట తేడా 20 పళ్లు, ఎనుక 23, మొత్తం 43 పళ్ల చైన్ లూజు గుంజిపట్టాలె, షార్ట్ కేజ్‌తోని కాదు. చైన్ కూడ 9 స్పీడ్‌దే, 8 స్పీడ్‌ది వెడల్పుంటది, పక్క పళ్లకు రాస్తది.

మన్ననూర్ దాటినంక నల్లమలల, దోమలపెంట దగ్గర 30-34 మీద (ముందట 30 పళ్లు, ఎనుక 34) కూసొని తొక్కిన, మోకాళ్లు నొయ్యలే, గేర్ ఒక్కసారి గూడ జారలే, నిజంగ పానం లేచొచ్చింది. కొత్త కేబుల్ గద, మొదట్ల కొంచెం సాగింది, బ్యారెల్ అడ్జస్టర్ (కేబుల్ బిగువు సరిజేసే మర) అర చుట్టు తిప్పంగనే సెట్టయింది.