వష్టి బన్యన్ మొదటి ఆల్బమ్: ఏండ్ల సంది ఇంటున్న, నా అభిప్రాయం

‘జస్ట్ అనదర్ డైమండ్ డే’, 1970ల వచ్చింది. ఇంగ్లండ్‌ల వష్టి బన్యన్ అనే ఆమె ఎక్కువ పాటలు తనే రాసుకొని పాడింది. అంతకుముందు 1965ల రోలింగ్ స్టోన్స్ అనే రాక్ బ్యాండ్ వాళ్లు రాసిన పాటతోటి ఆమెను పాప్ సింగర్ చేద్దామని చూసిర్రు, అది నడవలే. ఈ ఆల్బమ్‌ను కూడా అప్పట్ల ఎవ్వలు పట్టించుకోలే, ఆమె గూడ పాటలిడిసిపెట్టి పిల్లలు పశువులు అని సంసారంల పడ్డది. 2000ల సీడీగ మళ్లా వచ్చినంకనే జనానికి ఎరుకైంది, రెండో ఆల్బమ్ 2005ల తెచ్చింది.

దీని గురించి ఎవల్నడిగినా ముందుగాల గుర్రబ్బండి ముచ్చటే చెప్తరు, లండన్ నుంచి స్కాట్లండ్ దీవుల దిక్కు బండి మీద పోయింది, తొవ్వలనే పాటలు రాసింది అని. నిజమే గానీ ఆ కథ మనసుల పెట్టుకొని ఇంటే మొదటిసారి ‘గింతేనా’ అనిపిస్తది, నాకైతే అనిపించింది. మిర్యాలగూడ నుంచి హైదరాబాద్ పొయ్యే బస్సుల పెట్టుకునేటోణ్ణి, నార్కట్‌పల్లి దాటి హైవే ఎక్కినంక ఆమె గొంతు ఇనపడనే ఇనపడదు, అంత మెల్లగ పాడ్తది. ఇంట్ల కూలర్ నడిచినా సగం పాట పోతది. అన్నీ బంద్ జేసి రాత్రిపూట ఇంటేనే తెలుస్తది, లైన్‌కు లైన్‌కు నడుమ ఊపిరి తీసుకునుడు, గిటార్ తీగల మీద వేళ్లు జరిగే చప్పుడు గూడ. ఎవరికో ఇనిపియ్యాలని గాదు, ఒకామె నాట్లేసుకుంట తనలో తాను కూనిరాగం తీస్తున్నట్టే ఉంటది.

‘రోజ్ హిప్ నవంబర్’ల స్కాట్లండ్ వాద్యకారుడు రాబిన్ విలియమ్సన్ హార్ప్ అనే తీగల వాయిద్యం వాయించిండు, నా లెక్కల ఆల్బమ్ మొత్తంల అదే పై పాట. ‘డైమండ్ డే’ రెండు నిమిషాలు గూడ ఉండదు, రాబర్ట్ కిర్బీ అనేటాయన కూర్చిన వాద్యాల వల్ల చిన్నగున్నా నిండుగుంటది. ‘జాగ్ అలాంగ్ బెస్’ల బెస్ అంటే ఆ బండి గుర్రమే, ఫిడేలు బాంజో ఉషారుగుంటయ్.

నచ్చనిది గూడ చెప్పాలె. కొన్ని పాటలు మరీ పిల్లల పాటలే. ‘లిలీ పాండ్’ అయితే అచ్చం ట్వింకిల్ ట్వింకిల్ ట్యూనే, ఎల్‌కేజీ చదివే మా బిడ్డ ఒక్కసారికే పట్టేసింది, మా ఇంటామె ‘ఏందయ్యా గీ వయసుల గీ పాటలు’ అని నవ్వింది. మొత్తం పద్నాలుగు పాటలు, అర్ధగంట పైన కొంచెం. వరుసగా ఇనుర్రి, షఫుల్ పెట్టకుర్రి, ‘లిలీ పాండ్’ కాడ మాత్రం స్కిప్ కొట్టినా తప్పులేదు.