లూసియానా మార్ష్‌లో రెడ్‌ఫిష్: డబ్బులు లాడ్జ్‌కి కాదు, గెడ వేసేవాడికి ఇవ్వండి

మార్ష్‌లో, అంటే తీరపు చిత్తడి నేలల్లో, ఫ్లై రాడ్‌తో (ఈకలూ దారాలతో కట్టిన ఉత్తుత్తి ఎరని, అదే ఫ్లైని, విసిరే గాలం) పెద్ద రెడ్‌ఫిష్ చేప పట్టాలని న్యూ ఓర్లీన్స్ వైపు వెళ్ళే ఆలోచన ఎవరికైనా ఉంటే ముందే చెప్తున్నా, గది, భోజనం, గైడ్ అన్నీ కలిపి అమ్మే లాడ్జ్ ప్యాకేజీ జోలికి మాత్రం వెళ్ళకండి. మేము కొన్నాం. ఇద్దరికీ కలిపి 1,850 డాలర్లు, సగం బుకింగ్ రోజే కట్టాలి, వెనక్కి ఇవ్వరు. పేరు రాయట్లేదు ఎందుకంటే క్రెడిట్ కార్డ్ వాళ్ళ దగ్గర డిస్ప్యూట్ ఇంకా నడుస్తోంది.

మేమంటే నేనూ మా బావా. అక్కా, మా ఆవిడా, పిల్లలూ న్యూ ఓర్లీన్స్‌లో హోటల్లో దిగిపోయారు, "మీ చేపల కంపు మాకొద్దు" అని. హ్యూస్టన్ నుంచి ఐ-10 మీద 350 మైళ్ళ డ్రైవ్, బేటన్ రూజ్ దగ్గర ట్రాఫిక్ మామూలే.

తిరకాసంతా నెలతో వచ్చింది. సముద్రంలో ఉండే పెద్ద రెడ్‌ఫిష్, అక్కడివాళ్ళు బుల్ రెడ్స్ అంటారు, మార్ష్ అంచులకి బాగా దొరికేది అక్టోబర్ నుంచి జనవరి దాకా. మాకు సెలవు కుదిరింది నవంబర్‌లో. అంటే కార్తీక మాసం. బావ ఆ నెలంతా నీచు ముట్టడు. వాళ్ళమ్మగారు ఫోన్లో "కార్తీకంలో చేపల్ని చంపడానికి వెళ్తున్నావా నాయనా" అంటే, "చంపం అమ్మా, పట్టి వదిలేస్తాం" అన్నాడు. "తినేది కూడా లేనప్పుడు దాన్నెందుకు ఏడిపించడం" అన్నారావిడ. దానికి మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు.

అందుకే బుక్ చేసేటప్పుడే ఒకరు పూర్తి వెజిటేరియన్ అని రాశాం, ఫోన్ చేసి మళ్ళీ చెప్పాం, "నో ప్రాబ్లం" అన్నారు. లాడ్జ్ ఉన్నది సెయింట్ బెర్నార్డ్ పారిష్‌లో (అక్కడ జిల్లా లాంటిదాన్ని పారిష్ అంటారు), న్యూ ఓర్లీన్స్ నుంచి ముప్పై మైళ్ళ పైచిలుకు ఉంటుంది, ఆ వైపు 2005లో కట్రినా తుఫాను ఊళ్ళకి ఊళ్ళు ఊడ్చేశాక కొత్తగా కట్టిన ఇళ్ళన్నీ ఎత్తైన స్తంభాల మీదే ఉంటాయి. వెబ్‌సైట్ ఫొటోల్లో పైన బాల్కనీ గది, ఎదురుగా బయూ (నెమ్మదిగా పారే చిత్తడి కాలువ), కాఫీ కప్పు, అంతా బాగుంది. మాకిచ్చింది కింద స్తంభాల మధ్య ప్లైవుడ్ కొట్టి చేసిన గది. బంక్ బెడ్లు. హీటర్ ఉంది, పనిచెయ్యదు. బయట 48 డిగ్రీల ఫారెన్‌హీట్ చలి, పక్కనే వలలు ఆరేసిన షెడ్, రొయ్యల కంపు దుప్పట్లకి కూడా పట్టేసింది. పై గది గురించి అడిగితే లాడ్జ్ పెద్దమనిషి "అది వేరే ప్యాకేజీ" అన్నాడు.

ఇక డిన్నర్. రెడ్ బీన్స్ అండ్ రైస్ పెట్టారు, మన రాజ్మా అన్నం లాగే ఉంటుంది కదా అని బావ సంతోషంగా కంచం లాక్కున్నాడు, గరిటె తిప్పితే అడుగున అంతా సాసేజ్ ముక్కలు. చెప్పాం కదండీ అంటే ఆ పెద్దమనిషి చాలా మర్యాదగా "ముక్కలు తీసి పక్కన పెట్టుకోవచ్చు" అన్నాడు! గ్రీన్ బీన్స్‌లో బేకన్. కార్న్‌బ్రెడ్ ఒక్కటే మిగిలింది, అదీ దేంతో చేశారో అడిగే ధైర్యం బావకి లేకపోయింది. అక్క కట్టిచ్చిన పులిహోర చల్లటి గదిలో చల్లగా తిని పడుకున్నాడు. మా బావకి కోపమొస్తే అరవడు, మాట మానేస్తాడు. ఆ రాత్రి నుంచి మర్నాడు సాయంత్రం దాకా నాతో మాట్లాడింది మహా అయితే పది మాటలు, ప్యాకేజీ వెతికింది నేనే కాబట్టి ఆ మౌనమంతా నా వాటాకే వచ్చింది.

పొద్దున్న డాక్ దగ్గరికి వెళ్తే అసలు విషయం బయటపడింది. ఈ పనికి కావాల్సింది స్కిఫ్, అంటే అడుగు లోతు నీళ్ళలో కూడా తేలే సన్నటి పడవ, వెనక ఇంజిన్ పైన చిన్న మంచె ఉంటుంది, గైడ్ దాని మీద నిలబడి పొడుగాటి గెడతో చప్పుడు లేకుండా తోస్తూ చేపని కళ్ళతో వెతుకుతాడు. మా కోసం వచ్చింది 24 అడుగుల బే బోటు, దానికన్నా పెద్ద పడవ. మంచె లేదు, గెడ లేదు, ట్యాంకులో బతికున్న రొయ్యలు, మామూలు స్పిన్నింగ్ గాలాలకి పాపింగ్ కార్కులు, అంటే లాగితే చప్పుడు చేసే బెండ్లు, కట్టి రెడీగా ఉన్నాయి. ఫ్లై రాడ్ ఏదంటే లాడ్జ్ గైడ్ ఒకటి బయటికి తీశాడు, దాని లైను కాయిల్స్ కాయిల్స్‌గా ఎండిపోయుంది. "ఫ్లై అంటే టైం వేస్ట్, రొయ్యతో అయితే గంటలో కూలర్ నింపేస్తా" అన్నాడు. అయ్యా, మేం కూలర్ నింపుకోడానికి రాలేదు, మా బావ అసలు తినడే.

రొయ్యతో పట్టడం తప్పని నేననట్లేదు, కుటుంబంతో సరదాగా వెళ్తే అదే హాయి. కానీ ఫ్లై ఫిషింగ్ అని రాసి డబ్బులు తీసుకుని ఇది పెట్టడం మోసం. పైగా లోతైన కాలువల్లో లంగరేసి కూర్చోబెట్టాడు, చేపని చూసి వేసేది ఏమీ లేదు. చిన్న రెడ్స్ కొన్ని పడ్డాయి, రెండు మూడు షీప్స్‌హెడ్ కూడా, జైలు బట్టల చారలుంటాయి దానికి. సాయంత్రం బిల్లులో ఫ్యూయల్ సర్‌ఛార్జ్ 100, గది క్లీనింగ్ 60. ఆ గదికి క్లీనింగ్!

అదృష్టం ఏంటంటే ఆ సాయంత్రమే న్యూ ఓర్లీన్స్‌లో ఒక ఫ్లై షాప్‌కి ఫోన్ చేశాను, ఫ్లైలు కొందామని. సంగతి చెప్తే కౌంటర్ దగ్గర కుర్రాడు రెండు నిమిషాలు లైన్లో ఉంచి, తనకు తెలిసిన గైడ్‌కి మర్నాడు క్యాన్సిలేషన్ ఉందన్నాడు. 750 డాలర్లు, ఇద్దరికీ కలిపి, రాడ్లు, ఫ్లైలు, మధ్యాహ్నం తిండి అందులోనే. లాడ్జ్‌లో రెండో రాత్రి డబ్బులు పోతే పోయాయని అప్పుడే బ్యాగులు సర్దేసి సిటీకి వచ్చి పిల్లల పక్కన నేల మీద పడుకున్నాం.

ఇప్పుడు అసలు రోజు. అదే పారిష్‌లోని హోప్‌డేల్ నుంచి బయల్దేరాం. ముందు రోజు రాత్రి కోల్డ్ ఫ్రంట్ దాటిపోయింది, ఉత్తరం గాలికి మార్ష్‌లో నీళ్ళు కిందికి జారిపోయి బురద మిట్టలూ ఆయిస్టర్ గుట్టలూ బయటపడ్డాయి, ఆకాశంలో మబ్బు తునక లేదు. గైడ్‌కి యాభై దాటుంటాయి, తక్కువ మాటలు. ఇంజిన్ ఆపి మంచెక్కి గెడ పట్టుకున్నాక మాత్రం మనిషే మారిపోయాడు. మాది కోనసీమ, చిన్నప్పుడు కాలువల్లో గెడ వేసేవాళ్ళని చూస్తూ పెరిగినవాణ్ణి, అయినా ఇంత నిశ్శబ్దంగా పడవ కదలడం నేనెక్కడా చూళ్ళేదు. నీటి లోతు మోకాలి దాకా కూడా లేదు. చేప మనకంటే ముందే పడవ చప్పుడు వింటుంది కాబట్టి మూత కూడా గట్టిగా వెయ్యొద్దన్నాడు.

పద్ధతి ఇలా ఉంటుంది. పడవ ముక్కు పన్నెండు గంటలు అనుకోవాలి. ఒకడు ముందు నిలబడతాడు, రెండోవాడు కూర్చుని నోరు మూసుకోవాలి. వెనక నుంచి "పదకొండు గంటలు, నలభై అడుగులు, ఎడమకి వెళ్తోంది" అని వినపడుతుంది. తిరిగి చూస్తే మనకి నీళ్ళు తప్ప ఏం కనపడదు. రాగి రంగు పోలరైజ్డ్ కళ్ళజోడు లేకుండా వెళ్తే డబ్బులు బూడిదలో పోసినట్టే. కాసేపటికి కళ్ళకి అలవాటై నీళ్ళ కింద రాగి బిందె దొర్లుతున్నట్టు ఒక మెరుపు కనిపిస్తుంది, అదే. తోక దగ్గర నల్ల మచ్చ కూడా తెలుస్తుంది. పీత లాంటి ఫ్లై దాని ముక్కు ముందు రెండడుగుల్లో పడాలి, నెత్తి మీద పడితే పారిపోతుంది, వెనక పడితే దానికి తెలియనే తెలియదు.

ముందు బావకే అవకాశమిచ్చాం, బతిమాలుకోడానికి. మొదటి పెద్ద చేప నోరు తెరిచి ఫ్లై మింగడం ముగ్గురం చూశాం. బావ అలవాటు ప్రకారం కాలవ గట్టు మీద గాలం లాగినట్టు రాడ్ పైకెత్తాడు, ఫ్లై నోట్లోంచి ఊడొచ్చింది. గైడ్ ఏమీ అనలేదు, కాసేపు గెడ కూడా వెయ్యలేదు. తర్వాత మెల్లిగా చెప్పాడు, రాడ్ కదపొద్దు, చేప వైపే చూపిస్తూ ఎడమచేత్తో లైను గట్టిగా వెనక్కి లాగు, బరువు తగిలేదాకా లాగుతూనే ఉండు అని. లాడ్జ్ గైడ్ అయితే ఈపాటికి రొయ్య గుచ్చేసేవాడు.

మధ్యలో చేపలు లేనప్పుడు ఆయనే కొంచెం కొంచెం చెప్పుకొచ్చాడు. 1980ల్లో పాల్ ప్రుధోమ్ అనే న్యూ ఓర్లీన్స్ చెఫ్ బ్లాకెన్డ్ రెడ్‌ఫిష్ వంటకం దేశమంతా పాకి, గల్ఫ్‌లో పెద్ద చేపల్ని వలలతో ఊడ్చేశారట, 1988లో లూసియానా వ్యాపార వేట ఆపేసింది. ఇప్పుడు రెస్టారెంట్లలో దొరికేది చాలావరకు టెక్సస్ చెరువుల్లో పెంచినదే. లోపల చిత్తడిలో పెరిగి గల్ఫ్‌కి చేరే చిన్న చేపలు మళ్ళీ తగ్గిపోయాయని 2024 జూన్ నుంచి రూల్ బిగించారు, మనిషికి రోజుకి నాలుగే, అవీ 18 నుంచి 27 అంగుళాల లోపువే, అంతకన్నా పెద్దది ఒక్కటి కూడా ఉంచుకోకూడదు. ఇంతకుముందు ఒకటి ఉంచుకోనిచ్చేవాళ్ళు. ఆయనకి ఈ రూల్ చాలా నచ్చింది, "ముప్పై, నలభై ఏళ్ళు బతికే చేప అది, ఒక ఫొటో కోసం చంపుతారా" అన్నాడు. బావ వెంటనే ఫోన్ తీసి ఈ రూలు వాళ్ళమ్మగారికి వాయిస్ మెసేజ్ పెట్టాడు.

చిత్తడి కూడా కరిగిపోతోంది. తిరిగొచ్చేటప్పుడు రాళ్ళ గట్టు ఒకటి చూపించాడు, ఓడల కోసం 1960ల్లో తవ్విన కాలువ అది, అక్కడివాళ్ళు దాన్ని మిస్టర్ గో అంటారు, దాంట్లోంచి ఉప్పునీళ్ళు లోపలికెక్కి సైప్రస్ చెట్లు చచ్చిపోయాయి, కట్రినా తర్వాత 2009లో రాళ్ళు పోసి మూసేశారు. 1930ల నుంచి ఇప్పటికి లూసియానా తీరం పోగొట్టుకున్న నేల దాదాపు 2,000 చదరపు మైళ్ళు. ఆయన ఫోన్‌లో మ్యాప్ తీస్తే మేం తేలుతున్న చోట ఇంకా గడ్డి దీవులే చూపిస్తోంది.

మధ్యాహ్నం ఎండకి బురద వేడెక్కాక చేపలు మిట్టల మీదకొచ్చాయి. బావకి దొరికింది 24 పౌండ్లు. రీల్‌లో లైనంతా అయిపోయి వెనకున్న బ్యాకింగ్ కనపడేదాకా లాక్కెళ్ళింది, తొమ్మిది నంబర్ రాడ్ విల్లులా వంగిపోయింది, బావ "శివ శివా" అంటూనే ఉన్నాడు. పడవ దగ్గరికొచ్చాక గైడ్ ఒక చెయ్యి తోక దగ్గర, ఇంకో చెయ్యి పొట్ట కింద పెట్టి పట్టుకోమన్నాడు, దవడ పట్టి నిలువుగా వేలాడదీస్తే పెద్ద చేపకి లోపల దెబ్బ తగులుతుందట. ఒక ఫొటో, పది సెకన్లు, మళ్ళీ నీళ్ళలో. అది కదలకుండా ఉంటే ముందుకి వెనక్కి ఊపొద్దు, మూతి నీళ్ళలో ఉంచి తోక పట్టుకుని ఊరుకోమన్నాడు, దానంతటదే ఒక్క విసురు విసిరి మా మొహాల మీద బురద కొట్టి పోయింది. నాకు దొరికినవి దానికన్నా చిన్నవే, ఆ సంగతి బావ హ్యూస్టన్ దాకా గుర్తు చేస్తూనే వచ్చాడు.

ఆ 750 మీద 150 టిప్పు ఇచ్చాం, ఇరవై శాతం అక్కడ మామూలు. ఇంకో యాభై ఇవ్వాల్సింది. మధ్యాహ్నం తిండికి బావ సంగతి పొద్దున్నే చెప్తే దారిలో గ్యాస్ స్టేషన్ దగ్గర ఆగి చీజ్, టమాటా, పచ్చి ఉల్లిపాయతో పో-బాయ్, అంటే అక్కడి పొడుగాటి శాండ్‌విచ్, కట్టించుకొచ్చాడు, దాని మీద హాట్ సాస్. లాడ్జ్ వాళ్ళకి రెండుసార్లు చెప్పినా రాని తెలివి ఈయనకి ఒక్కసారికే వచ్చింది.

నేను మాత్రం ఆ రాత్రి సిటీలో రెడ్‌ఫిష్ ఆన్ ద హాఫ్ షెల్ తిన్నా, 34 డాలర్లు. తోలూ పొలుసూ తియ్యకుండా పొలుసు వైపు కిందకి పెట్టి నిప్పుల మీద కాలుస్తారు, పొలుసే పెనంలా పనిచేస్తుంది, పైన వెన్న, వెల్లుల్లి. మన గొరకల జాతే కాబట్టి కండ తెల్లగా, గట్టిగా, తియ్యగా ఉంది. మా ఆవిడ సగం లాగేసుకుంది. బావ ఫ్రెంచ్ ఫ్రైస్ తింటూ గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు.

వెళ్ళేవాళ్ళు బుక్ చేసే ముందు ఫోన్లో అడగాల్సినవి: పడవ ఏంటి, గెడ వేసే మంచె ఉందా, ఫ్లై పట్టుకున్నవాళ్ళని వారానికి ఎన్నిసార్లు తీసుకెళ్తాడు, గాలి బాగా ఉంటే డేట్ మార్చుకోనిస్తాడా. ఫొటో పంపమనండి, మొహమాటం వద్దు. లూసియానా లైసెన్స్ ఎవరిది వాళ్ళు ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, గైడ్‌కి కోస్ట్ గార్డ్ కెప్టెన్ లైసెన్స్ ఉండాలి. పడుకోడానికి న్యూ ఓర్లీన్స్ కానీ చాల్మెట్ కానీ చూసుకోండి, పొద్దున్న ఐదింటికి లేస్తే సరిపోతుంది. గాలి వీస్తున్నా ఫ్లైని నలభై అడుగులు విసరడం వచ్చాకే వెళ్ళండి, ఇంటి వెనక గడ్డిలో ప్రాక్టీస్ చెయ్యండి, పక్కింటివాళ్ళు నవ్వితే నవ్వనీండి.

ఆ గైడ్‌కి వచ్చే ఏడాది డేట్ల కోసం మెసేజ్ పెట్టాం. నవంబర్‌లో రెండు వారాలు ఖాళీ ఉన్నాయన్నాడు, అక్క క్యాలెండర్ చూసి కార్తీకం అయిపోయేదాకా కుదరదంది, డిసెంబర్‌కి అడ్వాన్స్ 200 కట్టేశాం.