ఎస్‌వీసీ స్టెంట్: వాపు దింపడంలో దిట్ట, కొలత తప్పితే మొండిఘటం

పొద్దున్న లేచేసరికి ముఖమంతా ఉబ్బి కళ్లు పూడుకుపోతాయి. చొక్కా కాలర్ గుండీ పట్టదు. చెప్పులు వేసుకోవడానికి వంగితే తల పగిలిపోతున్నట్టుంటుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవారిలో ఈ లక్షణాలు కనిపిస్తే తల, మెడ, చేతుల నుంచి రక్తాన్ని గుండెకు చేర్చే పెద్ద సిర, అంటే ఎస్‌వీసీ, నొక్కుకుపోతోందని అనుమానించాలి. దాని పొడవు సుమారు 7 సెంటీమీటర్లు, వెడల్పు 2 సెంటీమీటర్లు. గోడ పల్చన, లోపల ప్రెషర్ తక్కువ. అందుకే పక్కన గడ్డ ఆనిందంటే తట్టుకోలేదు.

నొక్కుకుపోయిన ఈ సిరను లోపలి నుంచి తెరిచి ఉంచే జాలీ గొట్టమే స్టెంట్. వేగంలో దానికి పూర్తి మార్కులు. తలబరువు కొందరికి బల్ల మీద ఉండగానే తగ్గుతుంది. ముఖం వాపు ఒకటి రెండు రోజుల్లో, చేతుల వాపు మూడు రోజుల్లో దిగుతుంది. రేడియేషన్‌తో ఇదే ఉపశమనానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. కానీ ఇది క్యాన్సర్ మందు కాదు, దారి తెరిచే గొట్టం మాత్రమే. లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్), స్మాల్ సెల్ (ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఒకటి) రకాల్లో గడ్డ కీమోకే త్వరగా కరుగుతుంది కాబట్టి, ఊపిరి మరీ ఇబ్బందిగా లేకపోతే అక్కడ స్టెంట్‌కి తొందర అక్కర్లేదు. ఇంకో మాట: బయాప్సీ కాకుండా స్టెరాయిడ్లు మొదలుపెడితే లింఫోమా ఆనవాళ్లు చెదిరిపోయి రిపోర్టు తేలకపోవచ్చు.

పని జరిగేది క్యాథ్ ల్యాబ్‌లో, లోకల్ మత్తుతో. మనిషి చదునుగా పడుకోగలడా లేదా అన్నదే తొలి పరీక్ష. ఆయాసంతో పడుకోలేకపోతే మత్తు డాక్టర్ పక్కనే ఉండాలి. గజ్జలోనో మెడలోనో సిరను అల్ట్రాసౌండ్‌తో చూసి సూది వేస్తారు. రెండు చేతుల నుంచీ ఒకేసారి డై ఎక్కిస్తే అడ్డం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తేలుతుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మామూలుగా 5,000 యూనిట్లు. జారుడు పూత ఉన్న 0.035 అంగుళాల వైర్‌తో అడ్డం దాటి, తర్వాత గట్టి వైర్‌కి మారుస్తారు. ఆ వైర్ కొస గుండె గదిలో కాకుండా అవతలి పెద్ద సిరలో దూరంగా ఉండాలి. స్టెంట్ జారినా వైర్ మీదే నిలుస్తుంది, వెనక్కి పట్టుకోవచ్చు. ఈ చిన్న జాగ్రత్త పెద్ద ఆపరేషన్‌ను తప్పిస్తుంది.

బ్రాండ్ల సంగతి. వాల్‌స్టెంట్ అల్లిక రకం. వంపులకు బాగా ఒదుగుతుంది, పూర్తిగా వదలకముందు మళ్లీ లోపలికి లాక్కోవచ్చు. అయితే విచ్చుకుంటూ పొడవు తగ్గుతుంది. అడ్డానికి సరిగ్గా మధ్యలో పెట్టకపోతే తడి సబ్బుముక్కలా ఒకవైపు జారిపోతుంది. జిల్వర్ వీనా, వెనోవో లాంటి నిటినాల్ (నికెల్, టైటానియం కలిసిన లోహం) రకాలు అంతగా కుంచించుకుపోవు, అనుకున్న చోటే కూర్చుంటాయి. ఇవి ప్రధానంగా తొడ, కటి సిరల కోసం తయారైనవే అయినా ఛాతీలోనూ వాడుతున్నారు. మా ఓటు నిటినాల్‌కే. అయినా బ్రాండ్ కన్నా కొలత ముఖ్యం. పక్కనున్న మంచి సిర 14 మిల్లీమీటర్లుంటే 16 స్టెంట్, అడ్డానికి అటూ ఇటూ ఒక్కో సెంటీమీటర్ అదనంగా. చిన్నది వేస్తే గుండెలోకి జారుతుంది. మరీ పెద్ద బెలూన్‌తో సాగదీస్తే సిర చిట్లుతుంది. కింది భాగం గుండెపొర లోపలే ఉంటుంది కనుక, అక్కడ చిట్లితే రక్తం గుండె చుట్టూ చేరి నిమిషాల్లో బీపీ పడిపోతుంది. బెలూన్ ఉబ్బిస్తున్నప్పుడు ఛాతీలో గట్టిగా నొప్పి అంటే అక్కడే ఆపాలి. కవర్డ్ స్టెంట్ (చిట్లిన చోటును మూసే, పొర తొడిగిన స్టెంట్), గుండెపొరలో చేరిన రక్తం తీసే సెట్ గదిలోనే ఉన్నాయా అని ముందే అడగండి. లేవంటే అక్కడ చేయించుకోవద్దు.

కుడి, ఎడమల నుంచి వచ్చి ఎస్‌వీసీగా కలిసే రెండు బ్రాకియోసెఫాలిక్ సిరలూ మూసుకున్నా, చాలామందికి ఒక్క వైపు తెరిస్తే చాలు. అవతలి రక్తం మెడ అడ్డదారుల్లో ఇటు వచ్చేస్తుంది. రెండు వైపులా వేస్తే ఖర్చుతోపాటు రక్తం గడ్డకట్టే ప్రమాదమూ పెరుగుతుంది. కీమో పోర్ట్ (కీమో మందు ఎక్కించడానికి చర్మం కింద అమర్చేది) గొట్టం ఆ సిరలోనే ఉంటే స్టెంట్‌కి ముందే వెనక్కి లాగాలి, లేదంటే గోడకీ స్టెంట్‌కీ మధ్య ఇరుక్కుపోతుంది.

దారి ఒక్కసారిగా తెరుచుకోవడంతో గుండెకు రక్తం వరదలా వస్తుంది. గుండె బలహీనంగా ఉన్నవారికి ఆ రాత్రి ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు, కాబట్టి సెలైన్ అదుపులో ఉంచాలి. రక్తం పల్చబరిచే మందులు ఏవి, ఎన్నాళ్లు అన్నదానిపై డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు. సిరలో గడ్డకట్టిన రక్తం కనబడితే మాత్రం యాంటీకోయాగ్యులెంట్ (రక్తం గడ్డకట్టడాన్ని ఆపే మందు) వాడతారు. క్యాన్సర్ మెదడుకు పాకి ఉంటే ఈ మందులతో అక్కడ రక్తస్రావం కావచ్చు, ఆ స్కాన్ అందుకే ముందు కావాలి.

డిశ్చార్జ్ కాగితంలో స్టెంట్ స్టిక్కర్ అతికించారా చూసుకోండి. రేపు ఎమ్మారై గదిలో అడిగేది దాన్నే. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే స్టెంట్ ఖర్చు ప్యాకేజీలో వస్తుందా, బయట కొనాలా అని చేరేముందే ఆరోగ్యమిత్రను అడగాలి. నెలల తర్వాత వాపు తిరిగొస్తే క్యాన్సర్ గడ్డ జాలీలోంచి లోపలికి పెరిగిందనో, రక్తం గడ్డకట్టిందనో అర్థం. రెండింటికీ లోపల మరో స్టెంట్, లేదా గడ్డకట్టిన రక్తాన్ని లాగేసే పద్ధతి ఉన్నాయి. వాపు మొదలైన రోజే వెళ్తే పని తేలిక.